ముట్టొద్దన్న కుండీ

ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు వారం దాటితే ఏ కంపు కొడతాయో తెలుసుకోవాలంటే కోరుట్లలో సుగుణ టీచర్ ఇంటి మిద్దె ఎక్కాలి. ఒక బకెట్‌లో ఉల్లిపొట్టు, ఇంకోదాంట్లో అరటితొక్కలు, మూడోదాంట్లో పులిసిన మజ్జిగలో బెల్లం కలిపిన ఏదో పాకం. ఆ రోజు మొదటి బకెట్ మూత తీశానో లేదో, తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ అంచుదాకా పాకి వచ్చాయి. పొద్దున తిన్న అటుకులు గొంతులోకి ఎగదన్నాయి. ఛీ, పాడు! ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరిచాను.

“ఏంది టీచర్ ఇది?”

“ఎరువు విజయా. ఫోన్ల జూసిన. గీ నీళ్లు పోస్తె గులాబీలు గుత్తులు గుత్తులు పూస్తయట.”

“గులాబీల సంగతేమో గని ఈగలైతె మంచిగ పూసినయ్. పొట్టు నానబెట్టుడు ఒక్కటే దినం టీచర్. తెల్లారి వడగట్టి, ఇన్ని నీళ్లు కలిపి పొయ్యాలె. గిట్ల వారాలు మురగబెట్టుమని ఎవలు చెప్పిండ్రు?”

“ఫోన్ల గా పిల్ల మస్తు చెప్తది,” అంది ఆవిడ. నేను చెప్పింది ఆవిడ చెవిలో పడనే లేదు. ఆ మూడు బకెట్లనూ వీధి చివరి మురుగు కాలువ దాకా మోసి, పారబోసి, సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాను. అయినా మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుంటే అదే కంపు.

నా పని ఇదే, కుండీల పని. వారానికోసారి ఇంటింటికీ పోయి కలుపు తీస్తాను, మట్టి గుల్ల చేస్తాను, పురుగు పట్టిన ఆకులు తుంచుతాను, ఏ మొక్క ఎండలో ఉండాలో ఏది నీడలో ఉండాలో చెబుతాను. మాది మల్లాపూర్. మాకు గుంటెడు భూమి లేదు. మా అవ్వ, అంటే అమ్మ, లక్ష్మవ్వ నడుము వంగిపోయేదాకా పరాయివాళ్ల పసుపు చేలలో కలుపు తీసింది. ఆమె పక్క సాలులో కూచుని నేనూ తీశాను. ఆ తరువాత మెట్‌పల్లి దారిలో ఒక నర్సరీలో నాలుగేళ్లు చేసి, పని నేర్చుకుని, కోరుట్లలో ఈ ఇళ్లు పట్టుకున్నాను. ఒక ఇంటివాళ్లు చెబితే ఇంకో ఇంటివాళ్లు పిలిచారు. పిలవడానికి కారణం ఒక్కటే. విజయ చేతివాసి మంచిదని పేరు. కరివేపాకు కొమ్మ గుచ్చినా బతుకుతుందని చెప్పుకుంటారు. ఆ పేరు ఉన్నన్నాళ్లే ఈ పని. పోయిందంటే తెల్లారేసరికి నేను మళ్లీ పసుపు చేనులో ఉంటాను.

సుగుణ టీచర్ రిటైరై మూడేళ్లయింది. మిద్దె మీద ముప్పైకి పైగా కుండీలు. మందారం కొమ్మలకు పిండినల్లి, చిక్కుడుకు పేనుబంక, గులాబీ కుండీల నిండా తుంగ. ఆ తుంగను ఆవిడ పైపైన గిల్లి, పీకేశానని సంబరపడేది. గడ్డ లోపలే ఉంటే అది మూడో రోజుకు రెండింతలై లేస్తుంది. పీకకూడనిది మాత్రం వేళ్లతో సహా పీకేది. కుండీల్లో దానంతటదే మొలిచిన గంగవాయిలి కూరను కలుపని చెత్తలో పారేసి, సాయంత్రం అంగడికి పోయి అదే కూర కట్ట కొనుక్కొచ్చేది. ఏం చెప్పాలి ఇలాంటివాళ్లకు!

నేను పనిలో చేరిన మొదటి రోజే ఆవిడ అడిగింది.

“మీరు ఎవలోళ్లు బిడ్డా?”

“మల్లాపూరోళ్లం టీచర్.”

“ఊరు గాదు...”

“మా అవ్వ ఐతారం ఐతారం చర్చికి పోతది. నేను ఒకపారి పోత, ఒకపారి పోను.”

ఆవిడకు కావలసింది దొరికింది. ముఖంలో ఏమీ కనబడనీయలేదు, అంత చదువుకున్న మనిషి మరి. మిద్దె మీదే మెట్ల పక్కన సున్నం వేసి జాజు చారలు గీసిన గద్దెను చూపించింది. దాని మీద తులసి కుండీ.

“అన్ని కుండీలు నీ ఇష్టం. గదొక్కటి ముట్టకు. గది నేను జూసుకుంట.”

నాకు చురుక్కుమంది. కానీ ఇది కొత్త మాటా! వేరే ఇళ్లలో వేరే విధంగా విన్నదే. పని కావాలి కాబట్టి తల ఊపాను. పిండినల్లి పట్టిన మందారాన్ని నా చేతులతో కడుగుతుంటే అడ్డు చెప్పని మనిషి, పురుగుల బకెట్ నా చేత మోయించిన మనిషి, తులసి దగ్గరికి వచ్చేసరికి నా చేతులను చూసింది.

ఎండలు ముదిరే వేళకు ఆ తులసికి జబ్బు చేసింది. చేయక ఏం చేస్తుంది? పొద్దున లేస్తే ఆవిడ దాని మొదట్లో పాలు పోస్తుంది, పసుపూ కుంకుమా గుప్పెడు గుప్పెడు వేస్తుంది. సాయంత్రం మట్టి మీదే దీపం పెడుతుంది. నూనె ఒలికి ఒలికి మట్టి నల్లగా, జిడ్డుగా, రాయిలా తయారైంది. పులిసిన పాలకు చీమలు బారులు కట్టాయి. చీమల వెనకాలే పిండినల్లి. ప్రతి కణుపు దగ్గరా తెల్లటి జిగట ముద్దలు. దూరం నుంచి చూస్తేనే నాకు ఒళ్లు జలదరించేది. ఆకులు రోజుకు గుప్పెడు రాలుతున్నాయి.

సరిగ్గా అప్పుడే వాళ్లాయన వెంకటేశం సారుకు గుండె ఆపరేషన్ పడింది. కొడుకు వచ్చి హైదరాబాద్ తీసుకుపోయాడు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అంత దూరం పోలేకపోయింది. మిద్దె మీద ఒంటరిగా కూచుని తులసిని చూస్తూ ఏడ్చేది.

“గిది పచ్చగుంటె సారు మంచిగ తిరిగొస్తడు విజయా. గిది మాడితె నాకు భయమైతది.”

నాకు జాలి వేసింది. నిజంగా వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి! నీళ్ల ట్యాంకు పక్కన మూడడుగుల దూరంలో నిలబడి చేయవలసింది చెప్పాను.

“ముందుగాల పాలు బంద్ జెయ్యిండ్రి. దీపం పక్కన గూట్ల పెట్టుండ్రి. మీది మట్టి రెండు వేళ్ల మందం తీసెయ్యిండ్రి. కుంకుడు రసంల రెండు చుక్కలు వేపనూనె ఏసి, గుడ్డ ముంచి, కాడ కాడకు తుడువుండ్రి.”

ఆవిడ గుడ్డ తీసుకుంది. కొనవేళ్లతో ఒక పిండినల్లిని ముట్టుకుంది. అది చితికి గులాబీ రంగు రసం గోటికి అంటేసరికి “అమ్మో, ఛీ ఛీ!” అని గుడ్డ విసిరికొట్టింది. గుడ్డ వచ్చి నా కాళ్ల మీద పడింది. ఆ రోజుకు చికిత్స అయిపోయింది. మర్నాటి నుంచి పాలు ఒక గ్లాసుకు బదులు రెండు గ్లాసులు పోసింది.

“పాలు బంద్ జెయ్యమన్న గద టీచర్!”

“దేవునికి పాలు బంద్ జేస్తె ఎట్ల? సారు దవాఖానల ఉన్నడు.”

నా చేతికి గంట పని అది. అటు మొక్క చస్తోంది, ఇటు నేను ట్యాంకు పక్కన నిలబడి నోటితో కుండీ బాగు చేస్తున్నాను. ఏం బతుకో ఇది అనుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం పోయేసరికి తులసికి పట్టుమని పది ఆకులు కూడా లేవు. సుగుణ టీచర్ నా వెనకాలే మిద్దె ఎక్కి, తలుపు గడియ పెట్టి, ఎదురింటి కిటికీల వైపు ఒకసారి చూసింది.

“విజయా, నువ్వే జెయ్. ఎవ్వలకు చెప్పకు.”

“ముట్టచ్చునా టీచర్?”

“ముట్టు. తర్వాత సంగతి నేను జూసుకుంట.”

తర్వాత సంగతి ఏమిటని నేను అడగలేదు. అడగాల్సింది.

కుండీని గద్దె మీద నుంచి దించి, పక్కకు వంచి, వేళ్లు తెగకుండా గడ్డ మొత్తం బయటికి తీశాను. నూనె పట్టిన మట్టిని పెళ్ల పెళ్లగా విదిలించాను. లోపల చీమల గుడ్లు, కుళ్లిన కుంకుమ ముద్దలు, సగం కాలిన వత్తులు. ఎంత రోత పేరుకుందో అంతా భక్తి పేరుతోనే. వేళ్ల కొసలు మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి. బతుకుతుంది! అడుగున పెంకు ముక్క వేసి, ఎర్రమట్టి, పాత పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి మళ్లీ నాటాను. ఎండిన వెన్నులు తుంచేశాను. ప్రతి కణుపునూ నా చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని తుడిచాను. పిండినల్లి ఒక్కటి మిగలలేదు. గ్లాసెడు నీళ్లు పోసి, కుండీని ఎత్తి గద్దె మీద నేనే పెట్టాను.

“వారం దినాలు పొద్దున గ్లాసెడు నీళ్లు పొయ్యిండ్రి టీచర్. ఇంకేం పొయ్యకుండ్రి. పాలు గూడ.”

“సరే సరే,” అంది. నా చేతులు పట్టుకోలేదు కానీ కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

మల్లాపూర్ బస్సులో కిటికీ పక్కన కూచుని నా చేతులు వాసన చూసుకున్నాను. తులసి వాసన. ఎంత సంతోషపడ్డానో! ఇంటికి పోయి అవ్వకు కూడా చెప్పాను, టీచరమ్మ నన్ను ముట్టనిచ్చిందని. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

సారు ఆపరేషన్ బాగానే అయిందట. ఆ మరుసటి వారం, నేను పోవాల్సిన రోజుకు ముందురోజు, కవిత మేడం ఫోన్ చేసింది. వాళ్లది టీచరు ఇంటికి ఎదురిల్లు. వాళ్ల కుండీలూ నేనే చూస్తాను.

“విజయా, రేపు మా ఇంటికి రాకు. జర కొన్ని దినాలు ఆగు.”

“ఏమైంది మేడం?”

“టీచర్ తులసి మాడిపోయింది. నువ్వు ముట్టినవట గద. నువ్వు ముట్టినంకనే మాడిందట. మా అత్తమ్మ భయపడుతున్నది. నీ చెయ్యి మంచిగ లేదంటున్నరు అందరు.”

ఎవ్వరికీ చెప్పొద్దన్న మనిషే ఊరంతా చెప్పింది. సాయంత్రానికి ఇంకో రెండు ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి, అదే మాట. అవ్వ పొయ్యి దగ్గర కూచుని అన్నీ వింది.

“వాళ్ల దేవుని జోలికి ఎందుకు పోయినవే? ముట్టొద్దన్నది ముట్టకపోతె ఏమైతుండె?”

“మొక్క బతుకుతది అవ్వా. నేను జూసిన. ఏర్లు తెల్లగున్నయి.”

“మరి ఎట్ల మాడె? పేరు పాయె గద బిడ్డా. ఇగ మళ్ల పసుపు చేనే.”

రాత్రి తిండి సయించలేదు. తెల్లారి మొదటి బస్సు ఎక్కాను.

టీచరు ఇంటి ముందు చెప్పుల గుంపు. సారు ముందురోజే ఇంటికి వచ్చాడట. వరండాలో మంచం మీద దిండుకు ఆనుకుని కూచున్నాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు నలుగురైదుగురు కుర్చీల్లో ఉన్నారు, వాళ్లలో కవిత మేడం కూడా. నేను ఎవ్వరితోనూ మాట్లాడకుండా బయటి మెట్ల మీదుగా నేరుగా మిద్దె ఎక్కాను.

తులసి నిలువునా మాడిపోయి ఉంది. పురుగు పట్టి పోతే ఆకు పసుపై రాలుతుంది. నీళ్లు లేక పోతే వడలిపోతుంది. ఇది అలా లేదు. అంచుల నుంచి మంటపెట్టి కాల్చినట్టు ఉంది. కుండీ మీదికి వంగానో లేదో ముక్కుపుటాలు అదిరాయి. ఆవు పంచితం! ఆవు మూత్రం ఘాటు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పురుగుకు నేను కొట్టే మందే అది. కానీ ఒక పాలు పంచితానికి పది పాళ్ల నీళ్లు కలిపి కొడతాను. ఉత్తది పోస్తే వేళ్లు ఉడికిపోతాయి. మట్టి అంతా పసుపు ముద్దగా ఉంది. మొక్కను పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. తెల్లగా ఉన్న ఆ వేళ్లు గోధుమ రంగులోకి తిరిగాయి, ముట్టుకుంటే తోలు జారిపోతోంది.

కుండీని చంకన పెట్టుకుని కిందికి దిగి, వరండా మధ్యలో, వాళ్లందరి ముందూ పెట్టాను.

“టీచర్, దీంట్ల ఏం పోసిండ్రు?”

“ఏం పోసిన? ఏం పోస్త?”

“వాసన జూడుండ్రి. అందరు జూడుండ్రి. ఆవు పంచితం. ఎన్ని చెంబులు పోసిండ్రు?”

ఆడవాళ్లు ముక్కులు మూసుకున్నారు. టీచరు ఏమైనా తడబడుతుందేమో అనుకున్నాను. అబ్బే!

“మూడు చెంబులు. దినాం ఒకటి. ఒక్కపారి సాలదేమోనని మూడు దినాలు పోసిన. పసుపు కలిపి.”

“ఎందుకు?”

ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లను ఒకసారి చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. “నువ్వు ముట్టినవ్ గద బిడ్డా. శుద్ధి జెయ్యాలె గదా.”

బిడ్డా అని పిలుస్తూనే అంది ఆ మాట.

“ఔ మరి, జెయ్యాలె,” అంది కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ. మిగిలినవాళ్లు తలలు ఊపారు. వెంకటేశం సారు దిండు మీద నుంచి కొంచెం లేచాడు.

“ఊకె లొల్లి పెట్టకు విజయా. పంచితం మంచిదే. దాంట్ల సైన్స్ ఉన్నది.”

“సైన్సే సారూ. పది పాళ్ల నీళ్లకు ఒక పాలు. మూడు చెంబులు ఉత్తదే గుమ్మరిస్తె ఏ సైన్సన్న సస్తది. నా చెయ్యి చంపలే దీన్ని. మీ శుద్ధి చంపింది.”

కవిత మేడం ముఖం వెలిగిపోయింది.

“అయితె నీ చేతిది తప్పు గాదన్నట్టు! పంచితం ఎక్కువైందన్నట్టు. నేను ఊకెనే పరేషాన్ అయిన. రేపు రా విజయా, మా మిర్చి ఆకులన్ని ముడుసుకపోతున్నయ్. మా తులసి సంగతి మాత్రం నేను జూసుకుంట.”

ఎవరో నవ్వారు. ఇంకెవరో, “అంటె నీళ్లు కలిపి పొయ్యాలన్నట్టు,” అని కొత్త విషయం నేర్చుకున్నట్టు అన్నారు. బత్తాయి తొనలు చేతులు మారుతున్నాయి. నేను వచ్చిన పని అయిపోయింది. పోయిన పేరు ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. కానీ అక్కడ ఒక్కరి ముఖమైనా చిన్నబోలేదు. ఒక్కరికైనా సిగ్గు వేయలేదు. వాళ్ల దృష్టిలో జరిగిన పొరపాటల్లా కొలత తప్పడమే. నాకు ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. పురుగుల బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టమన్నా పెడతాను కానీ ఆ వరండాలో ఇంకో క్షణం ఉండలేననిపించింది.

“కవిత మేడం, మీ మిద్దె మీద పుదీన ఎవలు నాటిండ్రు?”

“నువ్వే.”

“కొత్తిమీర?”

“నువ్వే గద. ఎందుకడుగుతున్నవ్?”

“టీచర్, పోయిన వారం మీరు కూరల ఏసిన కరివేపాకు ఎవలు తెంపిచ్చిండ్రు? నేనే గదా. దానికెన్ని చెంబులు పోసిండ్రు? కడుపుల పోసుకున్నరా?”

“గది తినేది, గిది మొక్కేది విజయా,” అంది కవిత మేడం. కోపంగా కూడా కాదు, తెలియనిదానికి చెప్పినట్టు అంది.

“థూ!” అన్నాను. గట్టిగానే అన్నాను. “నా చెయ్యి మీ నోట్లకు పోతె మైల గాదు, మీ తులసికి తగిలితె మైల. మీ పురుగులు తీసెటందుకు ఈ చెయ్యి కావాలె. మీ కుండీలు మీరే కడుక్కోండ్రి.”

సుగుణ టీచర్ “ఏం మాటలే అవి, రోగి ఉన్న ఇంట్ల!” అని లేచింది. నేను అప్పటికే గేటు దాటాను. కుండీ అక్కడే వరండా మధ్యలో కంపు కొడుతూ ఉండిపోయింది.

టీచరు ఇల్లూ, కవిత మేడం ఇల్లూ వదిలేశాను. అంతటితో ఊరుకుంటే అవ్వ సంతోషించేదే. నాకు ఊరుకోవాలనిపించలేదు. ఆ మర్నాటి నుంచి నేను చూసే ప్రతి ఇంటి గేటు దగ్గరా ఆగి, లోపలికి అడుగు పెట్టకముందే అడిగాను.

“మీ తులసి కుండీల నా చెయ్యి పెట్టచ్చునా?”

ఒకావిడ నవ్వి, “గిప్పుడు గది ఎందుకే, ముందు గా గులాబీ జూడు,” అంది. ఒకావిడ అత్త మీదికి నెట్టింది. ఆ అత్త దేవుడి మీదికి నెట్టింది. “నాకైతె ఏం పట్టింపు లేదు గని, చుట్టాలు జూస్తె బాగుండదు,” అంది ఇంకొకావిడ, ఎంతో మంచిదానిలా. పట్టింపు లేని ఆ మంచితనం నాకు అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టించింది. వద్దన్న ప్రతి ఇంటి గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగాను.

“నీకు పిచ్చి గిట్ల లేసిందా?” అని అవ్వ తల పట్టుకుంది. “ముట్టకుంటె ఏం పాయె? నలభై ఏండ్లు నేను ముట్టలె. బతకలేదా?”

“బతికినవ్ అవ్వా. నేను గట్ల బతుక,” అన్నాను. ఆమె మీద అరిచినందుకు ఆ తరువాత బాధపడ్డాను. కానీ అడగడం మానలేదు.

శనివారానికి మిగతా పదకొండు ఇళ్లూ అడగడం అయింది. నాకు పని మూడిళ్లలోనే మిగిలింది. ఆ మూడిట్లో రెండిళ్లలో తులసే లేదు.